మా జోడుగొంతు గుంపు నిజం జంతువులా ఎందుకు అనిపించడం లేదు?

రాతిమేక
కొన్నాళ్లుగా ఒక కల్పిత వేటజంతువు మీద కూర్చున్నాను. పేరు జోడుగొంతు. ముక్కు మీద ఉబ్బే తిత్తి ఉంటుంది. తిత్తితో బొంగురు గొంతు ఒకటి, మామూలు గొంతుతో సన్నటి ఈల ఒకటి, రెండూ పలుకుతుంది. ఎత్తయిన గడ్డి పీఠభూమి మీద బతుకుతుంది. ఒక్కోటి 90 కిలోలు, గుంపుకి 40. ముందుకాళ్లకి పిల్లికున్నట్టు వంకర గోళ్లు, వాటితో పట్టి పడేస్తుంది. గంటల తరబడి పరిగెడుతుంది కూడా. తినేది వంకరకొమ్ము అని జింక లాంటిది, 15 కిలోలు ఉంటుంది. పోట్లాడి గెలిచినదే గుంపుకి పెద్ద.

బొమ్మలు గీశాను, అస్థిపంజరం గీశాను. చూసినవాళ్లంతా ఒకటే మాట: "బాగుంది గానీ నిజంగా ఉండే జంతువులా లేదు." ఎక్కడ తేడా అంటే మాత్రం ఎవరూ చెప్పరు. విని విని విసుగొచ్చింది. తెలిసినవాళ్లు ముక్క ముక్కా విడదీసి చెప్పండి. ఏది మార్చమన్నా మారుస్తాను, తిత్తి ఒక్కటీ తప్ప.

చీమలదండు
తిండి దగ్గరే తేడా. 15 కిలోల జింకని 40 జంతువులు పంచుకుంటే ఎముకా తోలూ పోను తలా పావుకిలో. 90 కిలోల ఒంటికి అది ఏ మూలకి?

తూనీగ
రోజుకి పది జింకల్ని కొడితే?

చీమలదండు
అన్ని జింకలు ఉండాలిగా అక్కడ.

ఎముకలపెట్టె
ఉండాలంటే ఎన్ని ఉండాలో లెక్క వేయొచ్చు. కార్బోన్, గిటిల్‌మన్ అని ఇద్దరు 2002లో చాలా మాంసాహారుల లెక్కలు కలిపి చూశారు. చిన్నదైనా పెద్దదైనా, సుమారు 10,000 కిలోల ఆహార జంతువులు ఉన్నచోట 90 కిలోల మాంసాహారి బతుకుతుంది అని తేలింది. అంటే మీ జోడుగొంతు ఒక్కదానికే 10 టన్నుల వంకరకొమ్ములు కావాలి. గుంపు మొత్తానికి 400 టన్నులు. 15 కిలోల చొప్పున దగ్గర దగ్గర 26,700 జింకలు. ఇది ఒక్క గుంపుకి! పక్కన రెండో గుంపు లేకపోతే పిల్లలకి జతలు దొరకవు కాబట్టి ఇంకా ఎక్కువే కావాలి.

అదే 30 కిలోల పెద్దవి పది ఉన్నాయనుకోండి. మొత్తం 300 కిలోలు. 33 టన్నుల ఆహారం సరిపోతుంది. జింక 60 కిలోలు ఉంటే ఓ 550 చాలు. ఇది నమ్మబుద్ధయ్యే పీఠభూమి.

అదే కార్బోన్ బృందం 1999లో ఇంకోటి కూడా చూపించింది. 21 కిలోలకి అటూ ఇటూ ఒక గీత ఉంది. దానికంటే చిన్న మాంసాహారులు ఎక్కువగా పురుగులూ ఎలుకలూ లాంటి చిన్న వాటితో గడిపేస్తాయి. దాటిన తర్వాత ఆ చిన్న తిండి కోసం తిరిగే ఖర్చు కూడా రాదు, తమ ఒంటికి దగ్గరగానో అంతకంటే పెద్దగానో ఉన్నవాటినే వేటాడాలి. 90 కిలోలది 15 కిలోల జింక మీద బతకడం ఆ గీతకి పూర్తిగా అడ్డం. పళ్లు, గోళ్లు గీసే ముందు ఆకలి గీయాలండీ. మిగతాదంతా ఆకలే నిర్ణయిస్తుంది.

గరికపాదు
ఆ 21 కిలోల గీత గుంపుల విషయంలో అంత గట్టిది కాదు. రేచుకుక్క చూడండి, మన అడవుల్లో గుంపుగా వేటాడే ఎర్ర కుక్క. 12 నుంచి 20 కిలోల లోపే ఉంటుంది, గీతకి కిందే. అయినా దుప్పుల్ని, కణితుల్ని కొడుతుంది. ఎలా? గుంపు ఉంది కాబట్టి. అంటే గుంపు అనేది శరీరం పెంచకుండానే పెద్ద వేట అందుకునే దారి. నన్నడిగితే రాతిమేక గారు జంతువుని ఇంకా చిన్నది చేసి, జింకని ఇంకా పెద్దది చేయాలి.

ఎముకలపెట్టె
ఒప్పుకుంటాను, రేచుకుక్క మంచి ఉదాహరణ. దాని కింది దవడలో ఒక్కో పక్క చర్వణకాలు, అంటే నమిలే వెనక పళ్లు, రెండే. తోడేలుకి మూడు. నమలడం తగ్గి కోయడం పెరిగిన నోరు అది. జోడుగొంతు పళ్లు గీసేటప్పుడు ఈ తేడా పనికొస్తుంది.

రాతిమేక
రాసుకున్నాను. బరువు 24 కిలోలు చేస్తున్నా. కానీ 40 వదలాలంటే మనసొప్పడం లేదు. గుంపు ఎంత పెద్దదైతే వేట అంత సులువు కాదా?

చీమలదండు
కాదు. అమెరికాలోని యెల్లోస్టోన్ తోడేళ్ల మీద మెక్‌నల్టీ వాళ్లు చేసిన పని చదవండి. ఎల్క్ అనే పెద్ద జింకని వేటాడేటప్పుడు నాలుగు తోడేళ్ల దాకానే గెలుపు పెరుగుతుంది. తర్వాత వచ్చినవి వెనక వెనకే నడుస్తాయి, తన్నులు తినే పని ముందువాటికి వదిలేస్తాయి. బైసన్ అనే అడవి దున్న దగ్గర మాత్రం 9 నుంచి 13 దాకా పెరుగుతూ పోతుంది, ఎందుకంటే బైసన్ని కొట్టడం కష్టం, అక్కడ ప్రతిదీ పని చేయాల్సిందే. గుంపు ఎంతుండాలో వేట ఎంత ప్రమాదమో దాన్ని బట్టి ఉంటుంది. 15 కిలోల జింకకి గుంపే అక్కర్లేదు.

తూనీగ
దుమ్ములగొండి గుంపులు 80 దాకా ఉంటాయిగా మరి? మచ్చలవి.

చీమలదండు
ఉంటాయి. కానీ 80 కలిసి తిరగవు. అదొక పెద్ద బంధువర్గం అనుకోండి, రోజూ చీలుతూ కలుస్తూ ఉంటుంది. హాన్స్ క్రూక్ అనే పరిశోధకుడు 1960ల్లో ఆఫ్రికాలోని గోరోంగోరోలోనూ సెరెంగెటిలోనూ చూసింది అదే. గజెల్ అనే చిన్న జింక కోసం ఒక్కటే వెళ్తుంది, జీబ్రా కోసం పెద్ద జట్టు కట్టి వెళ్తుంది. రాతిమేక గారూ, మీకు 40 అంత ప్రాణమైతే ఇదీ దారి. వర్గం 40, వేటకి వెళ్లేది ఐదారు. కానీ అప్పుడు ఎముకలపెట్టె గారి లెక్క ప్రకారం పీఠభూమి పెద్దది కావాలి.

ఎముకలపెట్టె
24 కిలోలవి 40 అంటే 960 కిలోలు. 107 టన్నుల ఆహారం. 60 కిలోల జింకలు ఓ 1,800. పెద్ద పీఠభూమి మీద కష్టం కాదు.

మబ్బుతునక
తూకం లెక్కలే అయితే బొమ్మ మాటేంటి? నాకు మొదట తేడాగా కనిపించింది ముందుకాళ్లు. పట్టి పడేసే గోళ్లు, గంటల తరబడి పరుగు, రెండూ ఒకే కాలికి ఎలా?

ఎముకలపెట్టె
సరిగ్గా పట్టారు. పిల్లి ముంజేయి తిరుగుతుంది, అందుకే అది వేటని కౌగిలించి పడేయగలదు. కుక్కజాతికి ఆ తిరుగుడు దాదాపు పోయింది. కాలు ముందుకీ వెనక్కీ ఊగడానికే కుదురుకుంది, అందుకే పరుగులో శక్తి తక్కువ పోతుంది. పట్టు పోయిన చోట నోరు, గుంపు వచ్చి నిలబడ్డాయి. ఆఫ్రికా అడవి కుక్కకి కాలికి నాలుగే వేళ్లు, మిగతా కుక్కజాతిలో ముందుకాలికి ఉండే పక్కవేలు కూడా లేదు. రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. గోళ్లు కావాలంటే పొంచి ఉండి దూకే జంతువు చేయండి, అప్పుడు దాక్కోవడానికి పొదలు కావాలి. చదును గడ్డి కావాలంటే గోళ్లు వదలండి.

రాతిమేక
గోళ్లు వదిలేశాను. బాధగానే ఉంది. ఆ అస్థిపంజరంలో నాకు బాగా నచ్చింది ఆ మణికట్టే.

తూనీగ
రెక్కలూ ఈకలూ ఉన్న పాత రాకాసి బల్లి రకం చేస్తే గోళ్లు ఉంచుకోవచ్చు. డైనోనికస్ గుంపుగా వేటాడేది కదా?

ఎముకలపెట్టె
ఆ మాట నిలబడటం కష్టమైపోతోంది. టెనాంటోసారస్ అనే పెద్ద శాకాహారి ఎముకల దగ్గర డైనోనికస్ పళ్లు, ఎముకలు దొరికాయి కాబట్టి గుంపువేట అన్నారు. కానీ ఒక శవం చుట్టూ చాలా జంతువులు చేరడం వేరు, కలిసి వేటాడటం వేరు. కొమొడో డ్రాగన్లు అనే పెద్ద బల్లులు ఒక కళేబరం మీద పోగై ఒకదాన్నొకటి కరుచుకుంటూ తింటాయి, అది గుంపు కాదు. 2020లో డైనోనికస్ పళ్లలోని రసాయనాలు చూస్తే పిల్లలు తిన్నదీ పెద్దవి తిన్నదీ వేరని తేలింది. గుంపుగా బతికే తోడేలు కుటుంబంలో అలా ఉండదు, పెద్దవి తెచ్చిందే పిల్లలు తింటాయి.

మబ్బుతునక
అంటే పిల్లలకి ఏం పెడుతున్నాయో చూస్తే గుంపు నిజమో కాదో తెలుస్తుందన్నమాట. ఇది నాకు చాలా నచ్చింది.

గరికపాదు
అసలు గుట్టు అక్కడే ఉందని నా అభిప్రాయం. వేట కోసం గుంపు అని అందరూ మొదలుపెడతారు. ఆఫ్రికా అడవి కుక్కలకి బోట్స్‌వానాలో మెడపట్టీలు కట్టి చూశారు, 2016లో వచ్చింది. పొదల అడవిలో అవి వంతులేసుకుని మైళ్లకి మైళ్లు తరమడం కనిపించలేదు. ఎవరికి వారు చిన్న చిన్న పరుగులు తీశాయి. ఒక్కో పరుగు ఫలించేది ఆరేడింట్లో ఒకటి. కానీ ఎవరిది ఫలించినా అందరూ తిన్నారు. ఈ రోజు నాది, రేపు నీది. ఖాళీ కడుపుతో పడుకునే రోజులు తగ్గుతాయి. అదే గుంపు లాభం.

చీమలదండు
అది పొదల అడవి మాట. చదునైన గడ్డిమైదానంలో అవి దూరం తరిమినట్టు ఎప్పట్నుంచో రాస్తున్నారు. జోడుగొంతు ఇల్లు గడ్డి పీఠభూమి కాబట్టి దూరపు పరుగు ఉంచొచ్చు.

గరికపాదు
ఉంచొచ్చు. పంపకం మాత్రం వదలొద్దు.

తెల్లకోటు
పశువైద్యం నా వృత్తి. మీరెవరూ రోగం మాట ఎత్తలేదు. గుంపుగా బతికే వేటజంతువు ఒకదాని నోరు ఒకటి నాకుతుంది, ఒకే మాంసం ముక్కని అందరూ లాగుతారు. అందులో ఒకదానికి వస్తే అందరికీ వచ్చినట్టే. సెరెంగెటిలో 1994లో డిస్టెంపర్ అనే కుక్కల వైరస్ జబ్బు సింహాలకి తగిలి మూడో వంతు పోయాయి. నా దగ్గరికి పార్వో అనే ఇంకో వైరస్ జబ్బుతో కుక్కపిల్లలు వస్తాయి. ఒక ఈతలో ఒకటి వాంతి చేసుకుందంటే మిగతావాటిని ఆ రోజే వేరు చేయమంటాను, అయినా తరచుగా ఆలస్యమే అవుతుంది. ఆ టెన్షన్ మీ జంతువు జీవితంలోనూ ఉండాలి. రోగం లేని జంతువు నాకు బొమ్మలాగే కనిపిస్తుంది.

ఇంకోటి. ఆ పీఠభూమికి బయటి దారి ఉందా? చుట్టూ కొండచరియలైతే దీవితో సమానం.

రాతిమేక
చుట్టూ చరియలే. దిగే దారి లేదు. అదే దాని అందం అనుకున్నాను.

తెల్లకోటు
అయితే ఐల్ రాయల్ కథ చదవాలి మీరు. అమెరికాలో సుపీరియర్ సరస్సులో దీవి. 1940ల చివర్లో సరస్సు గడ్డకట్టినప్పుడు కొన్ని తోడేళ్లు మంచు మీద నడిచొచ్చి మూస్ అనే భారీ జింకల మీద బతికాయి. 1980లో 50 దాకా అయ్యాయి. రెండేళ్లలో 14కి పడిపోయాయి, పార్వో వచ్చింది. తర్వాత మళ్లీ కోలుకున్నట్టే అనిపించినా బయటి రక్తం కలవక వెన్నెముకలు వంకరగా పుట్టడం మొదలైంది. 1997లో ఒక్క మగ తోడేలు మంచు మీద వస్తే కొన్నాళ్లు మెరుగైంది, కానీ చివరికి అందరూ దాని పిల్లలే అయ్యారు. 2016కి మిగిలింది రెండు. అవి కూడా తండ్రీ కూతుళ్లు. తర్వాత 2018, 19ల్లో బయటి నుంచి తోడేళ్లని తెచ్చి వదిలారు. మీ 40 జోడుగొంతులకీ ఇదే గతి, దారి లేకపోతే.

మబ్బుతునక
చదువుతుంటే దిగులేసింది.

రాతిమేక
నాక్కూడా. అయితే చరియల్లో ఒకచోట కూలిన వాలు పెడతాను. వానాకాలంలో జారుడు, ఎండాకాలంలో దిగొచ్చు. ఈడొచ్చినవి ఆ దారినే పోతాయి. మగవి ముందు పోతాయా, ఆడవా?

గరికపాదు
ఏదైనా పెట్టొచ్చు, ఒంటరిగా మాత్రం పంపొద్దు. అడవి కుక్కల్లో ఒకే ఈతలో పుట్టిన అక్కాచెల్లెళ్లు కలిసి బయల్దేరతాయి, ఇంకోచోట నుంచి అన్నదమ్ములు వస్తారు, ఆ రెండు జట్లూ కలిస్తే కొత్త గుంపు. చాలా అందమైన ఏర్పాటు అది. ఒంటరి జంతువు చచ్చిపోయే దారిలో జట్టు బతుకుతుంది.

తూనీగ
పెద్ద ఎవరో పోట్లాటతో తేలుతుందన్నారు. నాకు అది బాగుంది. ఉంచండి.

చీమలదండు
నాకు బాగోలేదు. తోడేళ్ల గుంపు అంటే చాలావరకు అమ్మా నాన్నా, ఈ ఏటివీ నిరుటివీ పిల్లలు. బోనులో తెలియని తోడేళ్లని కలిపితే కొట్టుకుంటాయి, ఆ బోను చూసి రాసిన మాట ఇది. తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ 1999లోనే దీని మీద గట్టిగా రాశాడు. పిల్లలు తల్లిదండ్రుల మాట వింటాయి, దానికి పోట్లాట ఎందుకు?

తూనీగ
అన్ని జంతువులూ తోడేళ్లేనా? దుమ్ములగొండుల్లో ఆడవాటిదే పెత్తనం, కూతురు తల్లి తర్వాత మెట్టు ఎక్కుతుంది. సింహాల్లో మగవి వచ్చి కొట్టి గెలుచుకుంటాయి. పోట్లాట అసలు లేదనడం కూడా తప్పే.

చీమలదండు
నిజమే, సింహాల మాట కాదనను. కానీ సింహంలో ఆడవి బంధువులు, మగవి బయటివి. ఎవరు పుట్టినచోట ఉంటారు, ఎవరు బయటి నుంచి వస్తారు, అది తేల్చకుండా పోట్లాట పెడితే గాల్లో ఉంటుంది.

మబ్బుతునక
నిర్ణయాల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. బోట్స్‌వానాలోనే అడవి కుక్కలు విశ్రాంతి నుంచి లేచి వేటకి వెళ్లాలా వద్దా అన్నది తుమ్ములతో తేల్చుకుంటాయని 2017లో గమనించారు. తుమ్ములు ఎక్కువైతే బయల్దేరే అవకాశం ఎక్కువ. పెద్ద జంట లేపితే మూడు తుమ్ములు చాలు. చిన్నవి లేపితే పది దాకా కావాలి.

తూనీగ
తుమ్మి ఓటేస్తాయా!! మన తిత్తికి పని దొరికిందిగా!

రాతిమేక
నేను అదే అనుకుంటున్నా. బయల్దేరే ముందు ఒక్కోటి తిత్తి ఉబ్బించి బొంగురుగా పలుకుతుంది, సరిపడా గొంతులు కలిస్తే లేస్తాయి. ఇక వేటలో ఈలలతో ఒకదానికొకటి దారి చెప్పుకుంటాయి. ఒకటి అడ్డం తిరుగు, ఒకటి తరుము అని.

ఎముకలపెట్టె
మొదటిది అద్భుతం. రెండోదానికి ఆగండి. ఈల వేస్తే జింకకి చెవులు లేవా?

గరికపాదు
చెప్పుకోవాల్సిన అవసరమూ లేదు. 2011లో మూరో, ఇంకొందరు పరిశోధకులు కలిసి కంప్యూటర్లో తోడేళ్లని చేసి వదిలారు. నియమాలు రెండే. వేటకి తన్ను తగలని దూరం దాకా దగ్గరవు. ఆ దూరానికి వచ్చాక పక్క తోడేళ్లకి దూరంగా జరుగు. అంతే, చుట్టుముట్టడం దానంతటదే వచ్చేసింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. మా ఇంట్లో గొర్రెల్ని మళ్లించే కుక్కలు ఉండేవి. ఎవరూ నేర్పని లేత కుక్క కూడా పాతది ఎడమకి పోతే తను కుడికి పోయేది. ఎదురుగా ఉన్న ఖాళీలోకి పోతుంది, అంతే.

చీమలదండు
దాంతో అన్నీ తేలిపోవు గరికపాదు గారూ. నమీబియా ఎటోషాలో స్టాండర్ చూసిన ఆడ సింహాల్లో కొన్ని ఎప్పుడూ వేటకి అటూ ఇటూ పక్కలకే వెళ్లేవి, కొన్ని ఎప్పుడూ మధ్యలో పొంచి ఉండేవి. తమ తమ చోట్లలో ఉన్నప్పుడు వేట బాగా ఫలించేది, అది 1992 మాట. ఖాళీలోకి జరగడం ఒక్కటే అయితే ఏది ఎక్కడన్నా ఉండొచ్చుగా. పశ్చిమ ఆఫ్రికాలోని తాయి అడవిలో చింపాంజీలు కోతుల్ని వేటాడేటప్పుడు తరిమేది ఒకటి, ముందుకెళ్లి అడ్డం కూర్చునేది ఒకటి అని బోష్ రాశాడు.

గరికపాదు
చింపాంజీ మెదడు వేరు. సింహాలది అలవాటు కావచ్చు, బరువైనది మధ్యలో, చురుకైనది పక్కన. దానికీ మాటలు అక్కర్లేదు.

చీమలదండు
అలవాటైనా అది పని పంచుకోవడమే. ఇక్కడ మనిద్దరికీ కుదరదు.

ఎముకలపెట్టె
కుదరకపోయినా జోడుగొంతుకి నష్టం లేదు, రెండు దారుల్లోనూ వేట నిశ్శబ్దమే. గొంతు పని వేట తర్వాత మొదలవుతుంది. దూరం తరిమితే గుంపు చెల్లాచెదురవుతుంది. పట్టినదొకటి, మైలు అవతల మిగతావి. అప్పుడు పిలవాలి. అడవి కుక్కలు 'హూ' అని పిలుచుకునేది, రేచుకుక్కలు అడవిలో ఈలలేసి కలుసుకునేది అందుకే. బొంగురు గొంతు గాలిలో తక్కువగా అరిగిపోతుంది, దూరం పోతుంది. దుమ్ములగొండి కూత 5 కిలోమీటర్ల దాకా వినబడుతుంది. కాబట్టి బొంగురుది దూరానికి, ఈల దగ్గరకి.

మబ్బుతునక
పట్టినది నోరు మూసుకుని ఒక్కటే తినేస్తే? పిలవడం ఎందుకు?

ఎముకలపెట్టె
60 కిలోల జింకని 24 కిలోలది ఒక్కసారిగా తినలేదు. తినేలోపు దొంగలు వస్తారు. అడవి కుక్కల వేటని దుమ్ములగొండులు లాక్కుంటాయి, కుక్కలు ఎక్కువ ఉంటే ఎక్కువసేపు నిలబెట్టుకుంటాయి. 1998లో గోర్మన్ వాళ్లు లెక్కేశారు: వేటకి పోయే శక్తి అంత ఎక్కువ కాబట్టి, తిండిలో పావు వంతు దొంగలకి పోతే ఆ లోటు పూడ్చుకోవడానికి కుక్క రోజుకి పన్నెండు గంటలు వేటాడాలట. అది జరిగే పని కాదు. రాతిమేక గారూ, మీ పీఠభూమి మీద దొంగ ఎవరో చెప్పలేదు. దొంగ లేకపోతే పిలుపుకి కారణం సగం పోతుంది.

తెల్లకోటు
పిలిస్తే దొంగకీ వినబడుతుంది. ఆ చిక్కు ఉండనివ్వండి, తీర్చొద్దు. నిజం జంతువుల్లో ఇలాంటి చిక్కులు తీరకుండానే ఉంటాయి.

రాతిమేక
సరే, ఇంతవరకు ఇలా మార్చాను.

జోడుగొంతు, 24 కిలోలు, కాలికి నాలుగు వేళ్లు, గోళ్లు మొద్దు. వర్గం 40, రోజూ చీలి ఐదారుగా తిరుగుతాయి. వంకరకొమ్ము ఇప్పుడు 60 కిలోలు, కొమ్ములతో పొడుస్తుంది, కాబట్టి ఒంటరిగా ఎదురెళ్తే పేగులు బయటపడతాయి. బయల్దేరే ముందు తిత్తి పలుకు, వేట నిశ్శబ్దం, పట్టాక బొంగురు పిలుపు. దొంగ పేరు బూడిదమెడ, ఎలుగంత ఉంటుంది, ఒంటరిది, ఆ పిలుపు వినే వస్తుంది. మూడు జోడుగొంతులు చేరేలోపు బూడిదమెడ వస్తే వేట పోయినట్టే. ఆడవి పుట్టినచోట ఉంటాయి, అన్నదమ్ములు జట్టుగా కూలిన వాలు దిగిపోతాయి. కొన్నేళ్లకొకసారి వాలు మీదుగా వచ్చిన కొత్త జట్టుతోపాటు రోగమూ వస్తుంది. కొత్త రక్తం కావాలంటే అదీ భరించాలి.

పిల్లల దగ్గర ఆగిపోయాను.

గరికపాదు
కొత్త రక్తం, రోగం ఒకే దారిన రావడం... చాలా బాగుంది. నిజంగా.

మబ్బుతునక
పిల్లలకి రెండు పద్ధతులు ఉన్నాయి. అడవి కుక్కలు వేట తిని వచ్చి గూటి దగ్గర పిల్లలకి కక్కి పెడతాయి, తల్లే కాదు అందరూ. మచ్చల దుమ్ములగొండిలో అలా కాదు, తల్లి పాలే దిక్కు, ఏడాది దాటినా ఇస్తుంది. అందుకే మొదటి రకంలో పెద్ద ఈతలు, రెండో రకంలో ఒకటి రెండు పిల్లలు.

చీమలదండు
వర్గం 40లో చాలా ఆడవి ఈనాలంటే దుమ్ములగొండి పద్ధతి. ఒకే జంట ఈని అందరూ పెంచాలంటే కక్కే పద్ధతి. ఆడవి పుట్టినచోటే ఉంటాయన్నారు కాబట్టి అక్కాచెల్లెళ్లు పక్కపక్క గూళ్లలో ఈనొచ్చు. రేచుకుక్కల్లోనూ ఒకటికంటే ఎక్కువ ఆడవి ఈనడం ఉంది.

రాతిమేక
అయితే అక్కాచెల్లెళ్లు ఒకే గూట్లో ఈని, వేటనుంచి వచ్చినవి ఎవరి పిల్ల అని చూడకుండా కక్కి పెడతాయి. పిల్లలు తిత్తి లేకుండా పుడతాయి, ఈల మాత్రమే ఉంటుంది. గూటి దగ్గర ఎక్కువ ఈల వేసినదానికి ఎక్కువ తిండి.

తెల్లకోటు
అరిచినవాటికే పెడితే జబ్బు పిల్ల అరవలేక చచ్చిపోతుంది.

రాతిమేక
అవును, చచ్చిపోతుంది. కరువేడు ఆ పిల్లలే ముందు పోతాయి. తిత్తి ఎప్పుడు వస్తే బాగుంటుంది?

ఎముకలపెట్టె
గూడు వదిలి గుంపు వెనక తిరగడం మొదలయ్యాక. అడవి కుక్క పిల్లలు మూడు నెలలకి గూడు వదులుతాయి, వేటలో పనికొచ్చేది చాలా తర్వాత. ఆ మధ్యకాలంలో అవి వెనకబడిపోతాయి, పెద్దవాటి బొంగురు పిలుపు పట్టుకునే వేట దగ్గరికి చేరాలి. వినడం ముందు, పలకడం తర్వాత. ఏడాదికి తిత్తి పూర్తవుతుంది అనుకుంటే సరిపోతుంది. అప్పటిదాకా బయల్దేరే ఓటు కూడా ఉండదు.

తూనీగ
బూడిదమెడ పిల్లల్ని తింటుందా?

రాతిమేక
తింటుంది. అందుకే గూటి దగ్గర ఎప్పుడూ ఒక పెద్దది కాపలా ఉంటుంది, వేటకి పోదు. కొత్త అస్థిపంజరం గీసి పెడతాను, ఎముకలపెట్టె గారు మణికట్టు ఒక్కసారి చూడాలి.

ఎముకలపెట్టె
పెట్టండి. కింది దవడ పక్క నుంచి కూడా గీయండి, చర్వణకాలు లెక్కపెడతాను.